తోట ఇంటి కాపలాకు ఐదు కిలోల షాట్‌గన్: పనికొచ్చేదేనా?

చీనీతోట (అనంతపురం)

అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారిలో, తారు రోడ్డుకు కిలోమీటరున్నర లోపల మాకు ఆరెకరాల చీనీ తోట ఉంది. అమ్మా నాన్నా నేనూ తోట ఇంట్లోనే ఉంటాం. పిల్లల చదువు కోసం నా భార్య టౌనులో ఉంటుంది. శనివారం సాయంత్రానికి అందరూ ఇక్కడికి చేరతారు.

ఈ మూడు నెలల్లో మా చుట్టుపక్కల నాలుగు బోర్ల కేబుళ్లు కోసుకుపోయారు. అంతా లోపలి రాగి కోసమే. మూడోది మాది. పోతే పోయింది, కొత్తది వేసుకున్నాం. కానీ పోయిన మంగళవారం రాత్రి రెండు గంటలప్పుడు పెరటి వైపు అడుగుల చప్పుడయింది. నేను లేచి లైటు వేసేసరికి ఎవరూ లేరు. పెరటి తలుపు గొళ్లెం మాత్రం ఇంకా ఊగుతోంది. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర లేదు. మా పాత కుక్క సంక్రాంతి ముందే చచ్చిపోయింది.

నాన్న పేరిట 1991 నుంచి లైసెన్సుతో ఒక డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉంది. బీరువాలో తాళం వేసి ఉంటుంది. ఆయనకు ఇప్పుడు 73 ఏళ్లు, చేతులు వణుకుతాయి. అందుకే నా పేరిట లైసెన్సు తీసుకుని గట్టిది ఒకటి కొందామనుకుంటున్నాను. వీడియోల్లో ఏఏ-12, స్పాస్-12 అనే షాట్‌గన్‌లు చూశాను. ఏఏ-12 డ్రమ్ములో ఇరవై తూటాలు పడతాయట. దాన్ని చూస్తేనే వచ్చినవాడు పరుగు తీస్తాడు. బరువు ఎక్కువని అంటున్నారు. 45 కిలోల యూరియా బస్తా భుజాన వేసుకుని గట్టు దాటేవాణ్ణి, నాకు ఐదు కిలోలు ఒక లెక్కా? తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాఒడ్డు

అన్నా, కొంటే అలాంటిదే కొనాలి. మన సీమలో పిల్ల తుపాకీ చూసి ఎవరు భయపడతారు? షాట్‌గన్‌కు గురి కూడా అక్కర్లేదు. ఆ దిక్కుకు తిప్పి కొడితే చాలు, గదంతా గుండ్లే.

కర్నూలు వకీలు

చీనీతోట గారూ, కొనే సంగతి తర్వాత, ముందు అది మీ చేతికి వస్తుందా చూద్దాం.

మీట నొక్కి పట్టుకున్నంతసేపు పేలుతూ ఉండే తుపాకీ మన 1959 ఆయుధాల చట్టంలో నిషిద్ధ ఆయుధం. ఏఏ-12 అచ్చంగా అదే. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకున్నందుకే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా పద్నాలుగేళ్లు జైలు. కేబుల్ దొంగకు పడే శిక్ష దాని పక్కన చిన్నబోతుంది. స్పాస్-12 కూడా దొరకదు. అది సెమీ ఆటోమేటిక్, అంటే మీట నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి తర్వాతి తూటా దానంతట అదే ఎక్కేది. పైగా మామూలు పౌరుడు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే దారి 1980ల్లోనే మూసుకుపోయింది.

మీకు దొరికేది ఏమిటంటే, గొట్టం 20 అంగుళాలకు తగ్గకుండా, లోపల నున్నగా ఉండే షాట్‌గన్ రకం తుపాకీ. ఆత్మరక్షణకు అడిగితే ఇలాంటి తుపాకీకే లైసెన్సు ఇవ్వాలని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. పంట కాపలాకైతే గొట్టం మూతి నుంచి మందు కూరే నాటు రకం. సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్, దేశంలో తయారైన పంప్ యాక్షన్ (ముందు పిడి లాగి తూటా ఎక్కించేది), ఇంతే. గొట్టం కోయించి పొట్టి చేసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి. 20 అంగుళాల కిందికి దిగితే అది వేరే వర్గంలోకి పోతుంది.

టెక్సాస్ నుంచి

మాది ప్రొద్దుటూరు, ఉండేది ఇక్కడ. ఇంట్లో పంప్ యాక్షన్ 12 బోరు షాట్‌గన్ (12 బోరు అంటే గొట్టం కొలత) ఉంది కాబట్టి నాలుగు మాటలు.

ఏఏ-12ను మాక్స్‌వెల్ ఆచిసన్ అనే ఆయన 1972లో రూపొందించాడు. నిమిషానికి దాదాపు 300 తూటాల వేగం. ఖాళీగానే ఐదు కిలోలకు కాస్త అటూ ఇటూ. పైన 20 తూటాల డ్రమ్ము తగిలిస్తే తూటాల బరువే మరో కిలో. అమెరికాలో ఏదైనా దొరుకుతుందని అక్కడివాళ్లు అనుకుంటారు. 1986 తర్వాత తయారైన ఆటోమేటిక్ తుపాకులు ఇక్కడి పౌరులకూ అమ్మరు. స్పాస్-12 ఇటలీలో ఫ్రాంకీ కంపెనీది, 1979 నుంచి 2000 వరకు చేశారు, 4.4 కిలోలు. పోలీసులకూ సైన్యానికీ అని చేసింది. సినిమాల వల్ల వచ్చిన పేరు తప్ప, ఇంటి కాపలాకు దాన్ని పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. కొన్నవాళ్లు గోడకు తగిలించుకుంటారు.

బరువుకు ఒక మంచి గుణం ఉంది, అది కూడా చెప్పాలి. తుపాకీ బరువైతే వెనక్కి తన్నడం తగ్గుతుంది. తేలికపాటి సింగిల్ బ్యారెల్‌తో పెద్ద గుండ్ల తూటా కాల్చి చూడండి, మరునాడు భుజం నల్లగా కమిలి ఉంటుంది. రోజంతా వందల తూటాలు కాల్చేవాడికి బరువు వరమే. అర్ధరాత్రి ఒక్కటి కాల్చాల్సి వస్తే రావచ్చు, లేకపోతే లేదు అన్నవాడికి దానివల్ల ఒరిగేది తక్కువ.

మాజీ హవల్దారు (కడప)

పెన్నాఒడ్డు నాయనా, గురి అక్కర్లేదన్న మాట ఎక్కడ విన్నావో గానీ అక్కడే వదిలేసి రా. 12 బోరు గుండ్లు మీటరుకు రెండు మూడు సెంటీమీటర్ల లెక్కన విచ్చుకుంటాయి. మన ఇళ్లలో మంచం నుంచి తలుపుకు ఎంత దూరం? నాలుగైదు మీటర్లు. అంత దూరంలో ఒక తూటాలోని తొమ్మిది గుండ్లూ కలిపి నా అరచేయంత చోటులో పడతాయి. గురి తప్పితే మొత్తం తప్పినట్టే.

షాట్‌గన్‌కు యుద్ధంలో పేరు వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లో. 1918లో అమెరికా సైనికుల వించెస్టర్ పంప్ గన్‌ల మీద జర్మనీ అధికారికంగా అభ్యంతరం కూడా చెప్పింది. కానీ అక్కడ ఎదురుగా వచ్చే ప్రతివాడూ శత్రువే. మన పెరట్లోకి వచ్చేది ఎవరో?

చీనీతోట, నీ యూరియా బస్తా లెక్క వేరు. బస్తా భుజం మీద పడుకుంటుంది. తుపాకీని ముందుకు చాచి పట్టుకోవాలి. బరువంతా ఎడమ చేతి మీద. ఒక పని చెయ్యి. పార కట్టె ఒకటి తీసుకో, మీటరు పొడవుది. దానికి తూకం రాళ్లు కట్టి మొత్తం ఐదు కిలోలు చెయ్యి. రాత్రి లైటు ఆర్పి, మంచం మీద నుంచి లేచి, దాన్ని భుజానికి ఆనించి, పెరటి తలుపు దాకా వెళ్లి తలుపు తీసి చూడు. తర్వాత ఇక్కడ రాయి. అంతవరకు ఏ తుపాకీ మంచిదని ఎవర్నీ అడగకు.

బేతంచెర్ల బండ

హవల్దార్ సార్ చెప్పని సంగతి ఒకటి నేను చెబుతాను, బండలతో బతికేవాణ్ణి కాబట్టి. చీనీతోట గారి ఇంట్లో నేల ఏమిటి? కడప బండో, బేతంచెర్ల బండో అయి ఉంటుంది. సీసం గుండు బండ మీద ఏటవాలుగా పడితే ఆగదు, చదునై బండ వెంటే జారుకుంటూ పోతుంది. గోడ మూల దాకా, అక్కడినుంచి పక్క గది గడప దాకా. నాపరాయి పెచ్చులు అదనం. క్వారీలో ఉలి దెబ్బకు ఎగిరిన పెచ్చుతోనే కళ్లు పోయినవాళ్లను చూశాను.

ఇంతకీ ఇంటి గోడలు ఏమిటో రాయండి.

చీనీతోట

ముందు గది, మధ్య గది నాన్న కట్టించిన పాత రాతి గోడలు, మూరెడు మందం. వంటిల్లు తర్వాత వేసింది, సిమెంటు ఇటుక. పెరటి తలుపు రేకు తలుపు. దాని ఎదురుగా పది అడుగుల దూరంలో కూలీల షెడ్డు, అదీ రేకులదే. అందులో మా తోట చూసుకునే దంపతులు, వాళ్ల ఇద్దరు పిల్లలు పడుకుంటారు.

ఇది రాస్తుంటేనే తెలిసింది మీరు ఎందుకు అడిగారో.

మాజీ హవల్దారు (కడప)

రాతి గోడ ఆపుతుంది. ఇటుక గోడ కూడా చాలావరకు ఆపుతుంది. రేకు ఆపదు. రెండు రేకులు కూడా ఆపవు.

పెద్ద గుండ్ల తూటాలో ఎనిమిదో తొమ్మిదో గుండ్లుంటాయి, ఒక్కొక్కటి ఎనిమిది మిల్లీమీటర్ల పైన. ఆటోమేటిక్‌తో ఐదు తూటాలు పోయాయంటే నలభై పైచిలుకు గుండ్లు. మీట మీద వేలు ఒక్క క్షణం ఎక్కువ ఉంటే చాలు. ప్రతి గుండు ఎక్కడ ఆగిందో పొద్దున నువ్వే వెతుక్కోవాలి.

పెన్నాఒడ్డు

మీరంతా మనిషిని భయపెడుతున్నారు. దొంగ వస్తే చేతులు కట్టుకుని కూర్చోమంటారా? దొంగను చంపినా తప్పు లేదని చట్టమే చెబుతోంది కదా వకీలు గారూ?

కర్నూలు వకీలు

సగం విన్నావు తమ్ముడూ.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 41 ప్రకారం దోపిడీ జరుగుతున్నప్పుడు, లేదా సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు తలుపు పగలగొట్టి ఇంట్లోకి చొరబడుతున్నప్పుడు ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసేంతవరకు హక్కు వెళ్తుంది. నిజమే. కానీ దానికంటే ముందు 37 ఉంది. రక్షణకు ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. పోలీసులను ఆశ్రయించే సమయం ఉంటే ఆ హక్కే లేదు. ఇంటికి నూట యాభై అడుగుల దూరంలో బోరు దగ్గర కేబుల్ కోస్తున్నవాణ్ణి వసారాలో నిలబడి కాల్చి, 41వ సెక్షన్ చదివితే న్యాయమూర్తి నవ్వడు కూడా. అది ఉత్త దొంగతనం. మీ ప్రాణానికో ఒంటికో తీవ్రమైన ముప్పు ఉందన్న సహేతుకమైన భయం లేనిదే అంతదూరం పోయే హక్కు లేదు.

గాల్లోకి కాల్చి బెదిరిస్తానంటారా? నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే దానికి ఆయుధాల చట్టంలో 2019లోనే వేరే ఉపసెక్షన్ చేర్చారు. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

జమ్మలమడుగు టీచరు

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మా తాతగారి ఇంట్లో తుపాకీ ఉండేది. ఊళ్లో గొడవల కాలం. పగలు నాటు బాంబుల మాట, రాత్రి తలుపులకు అడ్డకర్రలు. ఆ తుపాకీ ఇంట్లో ఉన్న ఇరవై ఏళ్లలో దొంగలు మా ఇంటికి ఒకే ఒక్కసారి వచ్చారు. అందరం పెళ్లికి వెళ్లిన రోజు. వెండి చెంబులు వదిలేసి తుపాకీ ఎత్తుకుపోయారు.

తర్వాత ఆరేళ్లు తాత స్టేషను చుట్టూ తిరిగారు. ఎక్కడ ఏ కేసులో తుపాకీ పట్టుబడినా పిలుపు వచ్చేది, అది మీదేనేమో చూసుకోండని. పోయిన చెంబులకైతే అంత తిరుగుడు ఉండేది కాదని అవ్వ చివరిదాకా అంటూనే ఉండేది.

వారంలో ఐదు రోజులు మీ తోట ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారో కేబుల్ కోసేవాడికి మీకంటే బాగా తెలుసు. లక్షల విలువైన తుపాకీ ఉందని తెలిస్తే రాగి కోసం ఎందుకు వస్తాడు?

బేతంచెర్ల బండ

చూస్తేనే పారిపోతాడు అన్నారు కదా. చీకట్లో వాడికి ఏమి కనిపిస్తుంది, తుపాకీయా, పార కట్టెనా?

పెన్నాఒడ్డు

పంప్ గన్ లాగిన చప్పుడు వింటే చాలంటారు కదా, దానికే పారిపోతారని.

టెక్సాస్ నుంచి

ఆ మాట ఇక్కడా అందరూ అంటారు. ఆ చప్పుడుతో మీరు ఎక్కడున్నారో వాడికి చెప్పినట్టవుతుంది, అది మాత్రం ఖాయం. పారిపోతాడా లేదా అన్నది వాడి ఇష్టం. చప్పుడే కావాలంటే ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టండి, లైసెన్సు అక్కర్లేదు.

చప్పుడంటే గుర్తొచ్చింది. 12 బోరు పేలితే 150 డెసిబెల్స్ దాటుతుంది. చెవికి హాని జరిగే హద్దు 140. అది బయలు ప్రదేశపు మాట. పది అడుగుల రాతి గదిలో పేలితే ఆ తర్వాత కాసేపటివరకు అమ్మ అరిచినా మీకు వినపడదు. గొట్టం చివర మంటతో కళ్లు కూడా బైర్లు కమ్ముతాయి. ఒక్క తూటా తర్వాత మీరు ఆ గదిలో గుడ్డి, చెవిటి.

చీనీతోట

హవల్దార్ సార్, మీరు చెప్పిన పని నిన్న రాత్రి చేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పార కట్టెకు రెండు కిలోల తూకం రాళ్లు రెండు డ్రిప్పు పైపు ముక్కతో బిగించి కట్టాను. కాయలు తూచే కాటా మీద పెడితే 4.9 వచ్చింది. మంచం పక్కన నిలబెట్టి పడుకున్నాను. రెండింటికి ఫోను అలారం.

మొదటి గండం దోమతెర. లేచి కట్టె అందుకుని లాగితే తెర మొత్తం దాంతోపాటు వచ్చింది. ఒక మూల తాడు తెగింది. దాన్ని విడిపించుకునేసరికి, నిజంగా దొంగే అయితే, వాడు ఇల్లు సర్దుకుని వెళ్లిపోయేవాడు. తర్వాత మధ్య గది ద్వారం. పాతకాలపు ద్వారబంధం, రెండున్నర అడుగుల వెడల్పు. కట్టె అడ్డంగా తిరిగి కొస టప్పున తగిలింది. నాన్న దగ్గారు. లేచారేమోనని ఆగాను. అలా ఆగినప్పుడే ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. గడియారం చూశాను, నాలుగు నిమిషాలు కూడా కాలేదు. బస్తా మోసే భుజం వేరు, ఇది వేరు, మీరన్నది నిజమే.

టార్చి పట్టుకోవడానికి చెయ్యి లేదు. నోట్లో పెట్టుకున్నాను. వంటింట్లోకి వచ్చాక తలుపు గడియ తీయాలి, దానికీ చెయ్యి లేదు. ఒంటి చేత్తో కట్టెను చంకలో ఇరికించుకుని గడియ కోసం తడుముతుంటే తలుపు దానంతట అదే తెరుచుకుంది.

అమ్మ. చేతిలో చెంబు.

కట్టె కొస ఆమె కడుపుకు జానెడు దూరంలో ఉంది. నా నోట్లో టార్చి వెలుగు సరిగ్గా ఆమె ముఖం మీద పడింది. ఆమె నన్ను, రాళ్లు కట్టిన కట్టెను చూసి, ఏమిరా ఇది అంది. నాకు మాట రాలేదు. నోట్లో టార్చి ఉండటం వల్ల కాదు.

షుగరు మొదలైనప్పటినుంచి రాత్రిపూట లేస్తోందట. బయటి బాత్‌రూముకు వెళ్లేటప్పుడు నా నిద్ర చెడుతుందని లైటు వేయడం లేదు. పోయిన మంగళవారం సంగతి అడిగాను. ఆ రోజూ నేనే, నువ్వు లైటు వేసేసరికి పడుకున్నాను, ఊరికే ఎందుకు పలకరించడమని ఊరుకున్నాను అంది.

పొద్దున కాఫీ ఇస్తూ మళ్లీ ఒకసారి కట్టె వైపు చూసింది గానీ ఏమీ అడగలేదు.

జమ్మలమడుగు టీచరు

అమ్మగారికి ముందు మంచం పక్కన ఒక చిన్న లైటు పెట్టించండి. బాత్‌రూము దారిలో కూడా. ఇది తుపాకీ కంటే అత్యవసరం.

మాజీ హవల్దారు (కడప)

చీనీతోట, నిజం రాశావు. ఇరవై రెండేళ్ల నౌకరీలో చీకట్లో ముందు ఎవరో తెలుసుకో అని రోజూ చెప్పించుకున్నవాణ్ణి నేను. అయినా రిటైరై వచ్చిన కొత్తలో మా తమ్ముడి మీదికి కర్ర ఎత్తాను.

ఇక కేబుల్ సంగతి. అది నిజంగా పోయింది కదా, దానికి దారి చూడు. మా వైపు చాలామంది రాగి మానేసి అల్యూమినియం కేబుల్ వేసుకున్నారు. దానికి రాగి అంత ధర లేదు కాబట్టి దొంగకూ అంత ఆశ లేదు. పైన ఉన్నంత భాగం పైపులో వేసి రెండడుగుల లోతున పూడ్చు. కేబుల్ తెగితే ఫోను చేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. బోరు దగ్గర ఒక సోలార్ లైటు.

బేతంచెర్ల బండ

ఒక జత గిన్నె కోళ్లు పెంచండి. అర్ధరాత్రి ఆకు కదిలినా ఊరు లేపుతాయి. మీకు ఎలాగూ నిద్ర లేదు కాబట్టి కొత్తగా పోయేది లేదు.

పెన్నాఒడ్డు

సరే, ఒప్పుకుంటున్నాను, పెద్దది దండగే. మరి నాన్న డబుల్ బ్యారెల్ ఉందిగా, అది మూడు కిలోలే కదా?

కర్నూలు వకీలు

మూడు కిలోలే, కానీ నాలుగడుగుల పొడవు. దోమతెర దాన్నీ వదలదు.

దాని గురించి చీనీతోట గారు ఒకటి గమనించాలి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గరికి వచ్చి 25 ఏళ్లయినా, ఏది ముందైతే అప్పుడు, ఆయన బతికుండగానే దాన్ని వారసుడి పేరిట మార్చుకునేందుకు 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం వీలు కల్పిస్తోంది. మీకు రెండూ వర్తిస్తాయి. అంతవరకు లైసెన్సు నాన్నగారిది కాబట్టి ఆయన లేనప్పుడు మీరు దాన్ని పట్టుకోవడమే చిక్కు. మీకు అక్కర్లేదనుకుంటే లైసెన్సున్న డీలరుకు అమ్మేయొచ్చు. బీరువాలో పెట్టి మరిచిపోవడం మాత్రం వద్దు. లైసెన్సు గడువు ఒకసారి చూడండి.

చీనీతోట

చూశాను. వచ్చే ఫిబ్రవరి దాకా ఉంది. నాన్నను అడిగితే నా పేరిట మార్చమన్నారు, అమ్మడానికి ఒప్పుకోలేదు. ఏటా రెండుసార్లు తుడిచి, నూనె పూసి మళ్లీ తాళం వేస్తారు. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ కాల్చలేదట, ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించి రావడం తప్ప దానితో ఇంకో పని లేదు.

పెరటి రేకు తలుపు తీయించి వేపచెక్క తలుపు, లోపల ఇనుప అడ్డగడియ పెట్టిస్తున్నాను. వడ్రంగి రేపు వస్తాడు. అమ్మకు లైటు నిన్ననే పెట్టాను. షెడ్డులోని పిల్లలు పక్క తోట నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చారు, ప్రస్తుతానికి అది నన్ను చూసి మాత్రమే మొరుగుతోంది.

మాజీ హవల్దారు (కడప)

స్టేషనులో పెట్టే ముందు గొట్టాల లోపల కూడా నూనె పూసి, మూతులకు గుడ్డ చుట్టు. పోయిన ఎన్నికలకు నాది రెండు నెలలు ఉండి తుప్పు పట్టి తిరిగి వచ్చింది.

చీనీతోట

నాన్నకు చెప్పాను సార్. అది తనకు తెలుసన్నారు. రసీదు మీద నంబరు కూడా సరిచూసుకొమ్మని మీకు చెప్పమన్నారు.